కలివికోడి పేపర్లు: అంకెల తూకానికి అందని పని

జీవావరణ పరిశోధకుల ఇంటర్వ్యూల్లో ముందుగా అడిగేవి రెండు: పరిశోధన పేపర్లు ఎన్ని వచ్చాయి, హెచ్-ఇండెక్స్ (ఆ పేపర్లను ఇతర పరిశోధకులు ఎన్నిసార్లు ప్రస్తావించారో చూసి వేసే అంకె) ఎంత? కడప అడవుల్లో ఏళ్లకేళ్లు తిరిగినవాళ్ల పని ఈ రెండు అంకెల్లో ఎందుకు ఇమడదో కలివికోడి అనే పక్షి చరిత్ర చూస్తే తెలుస్తుంది.

ఈ పక్షిని 1848లో జెర్డన్ అనే బ్రిటిష్ ప్రకృతి పరిశోధకుడు లోకానికి తెలియజేశాడు. 1900లో అనంతపురం వైపు పెన్నా లోయలో కనిపించాక జాడలేదు. అంతరించిందనే అందరూ అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర మళ్లీ దొరికింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ ఆ సంగతిని అదే ఏడాది సొసైటీ జర్నల్‌లో రాశారు. చీకట్లో పక్షిని పట్టి తెచ్చింది మాత్రం స్థానికులే. ఏ సైటేషన్ (ఒక పేపర్‌ను మరో పేపర్‌లో ప్రస్తావించడం) లెక్కలోనూ వాళ్లకు చోటు లేదు. ఈ పక్షి రక్షణకు 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది.

కలివికోడి రాత్రుళ్లు తిరుగుతుంది, జనానికి కనపడదు. అందుకే పరిశోధకులు జెగనాథన్, రైస్ గ్రీన్‌ల బృందం పొదల మధ్య మెత్తటి మట్టిని పట్టీలుగా పరిచి, తెల్లారాక అడుగుజాడలు వెతికింది. తోడుగా ఆటోమేటిక్ కెమెరాలు పెట్టింది. మేకల మంద నడిచినా, వాన పడినా ఆ రాత్రి ఆధారం పోయినట్టే. ఈ పద్ధతి 2002లో 'ఓరిక్స్' జర్నల్‌లో వచ్చింది. దాంతోనే పక్షికి ఎలాంటి చోటు కావాలో తేల్చిన పేపర్ 2004లో 'జర్నల్ ఆఫ్ అప్లైడ్ ఎకాలజీ'లో వచ్చింది: హెక్టారుకు రెండు మీటర్లు దాటిన పొదలు 300 నుంచి 700 ఉండాలి, చిన్న పొదలు 1,000 లోపే ఉండాలి. అడవి దట్టమైనా చెడే, బోడిదైనా చెడే. అటవీ సిబ్బంది నేల మీద నిలబడి లెక్కపెట్టుకోగల అంకెలివి. నా దృష్టిలో ఒక పేపర్‌కు ఇంతకన్నా పెద్ద ప్రయోజనం లేదు.

ఇక తూకం సంగతి. యూజీన్ గార్ఫీల్డ్ 1964లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్ (ఏ పేపర్‌ను ఏ పేపర్లు ప్రస్తావించాయో చూపే సూచిక) తెచ్చింది పాత పేపర్లను వెతికి పట్టుకోవడానికి, మనుషులకు మార్కులు వేయడానికి కాదు. హెచ్-ఇండెక్స్‌ను 2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త ప్రతిపాదించాడు. లెక్క ఇలా ఉంటుంది: ఎక్కువలో ఎక్కువ ఎన్ని పేపర్లకు కనీసం అన్నేసి సైటేషన్లు ఉన్నాయో, ఆ అంకే హెచ్. ఒకరి పేపర్లకు 90, 41, 22, 9, 6, 5, 3 సైటేషన్లు ఉన్నాయనుకోండి. అయిదో పేపర్‌కు 6 ఉన్నాయి, సరిపోయింది. ఆరోదానికి 5 మాత్రమే, ఆగిపోయింది. కాబట్టి హెచ్ 5. ఆ 90 రేపు 400 అయినా హెచ్ 5 దగ్గరే ఉంటుంది. మన దగ్గర యూజీసీ 2010లో ఏపీఐ పాయింట్లు (అధ్యాపకుల పనికి వేసే మార్కులు) పెట్టడంతో రిఫరీడ్ జర్నల్‌లో, అంటే నిపుణులు పరిశీలించాకే అచ్చేసేదాంట్లో, పేపర్‌కు 15, ఇంపాక్ట్ ఫాక్టర్‌ను బట్టి అదనం అన్న లెక్క వర్సిటీల్లోకి వచ్చింది. ఇంపాక్ట్ ఫాక్టర్ అంటే ఒక జర్నల్ పేపర్లకు సగటున వచ్చే సైటేషన్లు; అది చూసేది అంతకుముందు రెండేళ్ల పేపర్లనే. ఏడాదికోసారి వచ్చే సీజన్ కోసం కాచుకునే పొదల పక్షి పనికి రెండేళ్లు ఏ మూలకు?

మన పేర్లు కూడా లెక్క తప్పిస్తాయి. ఇంటిపేరు ఒక పేపర్‌లో పొడి అక్షరంగా, మరోదాంట్లో పూర్తిగా, ఇంకోచోట 'రెడ్డి'యే ఇంటిపేరుగా పడితే డేటాబేస్‌లో ఒకే మనిషి ముగ్గురవుతారు. మొదటి పేపర్ నుంచే ఒకే రూపం వాడాలి. ఒక్కో పరిశోధకుడికి విడిగా ఇచ్చే 16 అంకెల ఆర్కిడ్ నంబర్ తీసుకుని అన్నీ దానికి కలపాలి. గూగుల్ స్కాలర్ ప్రొఫైల్‌లో ఇతరుల పేపర్లు తనంతట తానే చేర్చేస్తుంది, వాటిని తీసేయాలి. పక్షుల శాస్త్రీయ నామాలతోనూ ఇదే తంటా: కలివికోడి 1986 పేపర్‌లో కర్సోరియస్, 2002 నాటికి రైనోప్టిలస్. ఒక్క పేరుతోనే వెతికితే సగం చరిత్ర కనపడదు.

2005 చివర్లో తెలుగుగంగ కాలువ తవ్వకం కలివికోడి నెలవులోకి వచ్చింది. పరిశోధకులు అటవీశాఖకు చెప్పారు, పని ఆగింది, కాలువ దారి మారింది. ఆ చోటే ఎందుకు ముఖ్యమో చూపడానికి అప్పటికే అచ్చయిన ఆధారం చేతిలో ఉంది. సెలెక్షన్ కమిటీకి ఇచ్చే ఫైల్‌లో హెచ్-ఇండెక్స్ షీటు పక్కన ఇలాంటి మార్పు తెచ్చిన ఉత్తర్వుల నకళ్లు, తమ పేపర్‌ను వాడుకున్న అడవి నిర్వహణ ప్రణాళికల పేజీలు కూడా జతచేయాలి. వాటిని చదివి చూడాల్సింది కమిటీ.