పొట్ట బిగిస్తే గ్యాసేనా? ఐసీయూ అపోహలు - వాస్తవాలు

పాంక్రియాస్ (క్లోమ గ్రంథి) వాచిన రోగి ఏటూరునాగారం వైపు నుంచి వరంగల్ దవాఖానకు చేరేసరికి ఒంట్లోకి సెలైన్ బాగానే ఎక్కి ఉంటుంది. తెల్లారేసరికి పొట్ట డప్పులా బిగుస్తుంది, మూత్రం తగ్గుతుంది. ఇది గ్యాసే కాకపోవచ్చు, పొట్ట లోపలి ఒత్తిడి పెరిగి ఉండొచ్చు. ఇక దాని మీద ఈ మాటలు మొదలవుతాయి.

అపోహ: పొట్ట ఒత్తిడి చేత్తో నొక్కితే తెలిసిపోతుంది.

తెలియదు, కొలవాల్సిందే. ఖరీదైన యంత్రమేం అక్కర్లేదు. రోగిని చదునుగా వెల్లకిలా పడుకోబెట్టండి. తలవైపు ఎత్తుంటే రీడింగ్ పెరుగుతుంది. ఫోలీ కాథెటర్‌తో (మూత్రం గొట్టంతో) మూత్రాశయం ఖాళీ చేసి, స్టాప్‌కాక్ (గొట్టానికుండే చిన్న కుళాయి) గుండా 25 మి.లీ. స్టెరైల్ సెలైన్ ఎక్కించండి. అంతకు మించితే మూత్రాశయమే బిగుసుకుని లేని ఒత్తిడి చూపిస్తుంది. నిమిషం ఆగి, పై కొన తెరిచిన ట్యూబును నిలువుగా పట్టండి. నీటిమట్టం ఊపిరితో పాటు ఆడాలి. ఆడకపోతే ట్యూబు మడత పడిందేమో చూడండి. తుంటి ఎముక పై అంచు దగ్గర, చంక మధ్య గీత సున్నా. ఊపిరి వదిలిన చివర స్కేలుతో కొలిచి 1.36తో భాగించండి. 27 సెం.మీ. వస్తే పాదరసంలో 20 మి.మీ.

ఐసీయూ రోగిలో ఈ ఒత్తిడి 5-7 మి.మీ. మామూలు. 12కు తగ్గకుండా నిలబడితే జబ్బు. 20 దాటి నిలిచి, కొత్తగా కిడ్నీయో ఊపిరితిత్తులో దెబ్బతింటే అత్యవసరం.

అపోహ: బీపీ బాగుంది, పేగులకేం కాదు.

110/58 అంటే సగటు బీపీ 75. పొట్ట ఒత్తిడి 20 తీసేస్తే పేగులకు రక్తాన్ని నెట్టడానికి మిగిలేది 55. మనకు కనీసం 60 కావాలి. మానిటర్ ఈ తీసివేత చేసి చూపించదు, మనమే చెయ్యాలి. ముందు నలిగేవి పలుచని సిరలు. రక్తం లోపలికి వస్తుంది గానీ తిరిగి పోలేదు. పేగు గోడ నీరు పట్టి ఉబ్బుతుంది, ఆ ఉబ్బే ఒత్తిడిని ఇంకా పెంచుతుంది. లోపలి పొరకు ఆక్సిజన్ చాలక లాక్టేట్ (రక్తపరీక్షలో కనిపించే పదార్థం) తయారవుతుంది, బ్యాక్టీరియాను ఆపే గోడ సడలుతుంది.

అపోహ: లాక్టేట్ పెరిగింది, ఇంకో లీటర్ ఎక్కించండి.

దయచేసి ముందు పొట్ట ఒత్తిడి చూడండి. కాలేయానికీ రక్తం తగ్గడంతో ఉన్న లాక్టేట్ కూడా త్వరగా కరగదు. ద్రవం నిజంగా తక్కువైతే ఇవ్వాలి. చాలినంత ఉన్నాక ఇచ్చేది పేగు గోడలోకే కారి మరింత బిగిస్తుంది. లాక్టేట్ మామూలుగా ఉన్నంత మాత్రాన పేగు క్షేమమనీ కాదు.

అపోహ: ఇక ఆపరేషనే.

ముందు ముక్కు గొట్టంతో కడుపు, మలద్వారపు గొట్టంతో పెద్దపేగు ఖాళీ చేయాలి. నొప్పి తగ్గించి, బిగుతు పట్టీలు విప్పాలి. పొట్టలో నీరుంటే అల్ట్రాసౌండ్ చూస్తూ తీయాలి. ప్రతి 4-6 గంటలకు కొలవాలి. ఇన్ని చేసినా 20 పైనే ఉండి అవయవాలు కుంగుతుంటే పొట్ట తెరవడానికి సర్జన్‌ను పిలవండి, పొద్దు పొడిచేదాకా ఆగొద్దు.