బ్రెజిల్ వస్తాదులు: అపోహలు - వాస్తవాలు

ఎదుటివాడిని నేలమీద పడేసి పట్టులతో లొంగదీసే విద్య జియు జిత్సు. అది నేర్పుతానని తెలియగానే చాలామంది నన్ను అడిగేది పట్టుల గురించి కాదు, బ్రెజిల్ గురువుల పుట్టుపూర్వోత్తరాల గురించి. అడిగేవారు జవాబు కూడా వెంట తెచ్చుకుంటారు. ఆ జవాబులే ఇవి.

అపోహ: అక్కడ జియు జిత్సు నేర్పేవారంతా గ్రేసీ కుటుంబం వారు, కాకపోతే వాళ్ల శిష్యులు.

వాస్తవం: ఈ విద్యను బ్రెజిల్‌లో వ్యాపింపజేసిన గ్రేసీల ఘనత కాదనలేనిది. కానీ వాళ్లకూ ఒక గురువున్నారు. జపాన్‌లోని కొడోకన్ అనే జూడో బడిలో నేర్చిన మిత్సుయో మయెదా 1914లో బ్రెజిల్ చేరి, తరువాత బెలెం నగరంలో స్థిరపడ్డారు. కార్లోస్ గ్రేసీ అక్కడే ఆయన శిష్యుడయ్యారు. ఆ రోజుల్లో జూడోను కూడా జియు జిత్సు అనేవారు, ఆ పేరే నిలిచిపోయింది.

మయెదా విద్య ఇంకో దారిలోనూ పారింది. లూయిజ్ ఫ్రాన్సా ద్వారా అది ఓస్వాల్దో ఫద్దాకు చేరింది. ఫద్దా రియో శివారులోని బెంతో రిబెయిరోలో డబ్బు లేనివారికి నేర్పారు. 1950ల్లో ఆయన శిష్యులు గ్రేసీ అకాడమీ వారితో తలపడి నెగ్గారు, అదీ కాలి పట్లతో. ఎదుటివాడి పాదాన్ని చంకలో ఇరికించి, మణికట్టు ఎముకను మడమ పైనుండే లావుపాటి స్నాయువుకు ఆనించి, ఛాతీ విరుచుకుని వెనక్కి వాలాలి. చూసేవాడికి ఏమీ జరుగుతున్నట్టు ఉండదు, చిక్కినవాడు మాత్రం ఓడానని మ్యాట్ చరుస్తాడు. 'శివారు వాళ్ల విద్య' అని అప్పట్లో దాన్ని ఎగతాళి చేశారట! నాకు మొదట నొప్పి రుచి చూపించిన పట్టు అదే.

అపోహ: కపోయెరా గురువులు ఒకప్పటి వీధి రౌడీలు.

వాస్తవం: కపోయెరా అంటే పాటకూ వాద్యానికీ తగ్గట్టు ఆడుతూ పోరాడే బ్రెజిల్ విద్య. 1890 నాటి అక్కడి శిక్షాస్మృతి దాన్ని నేరంగా ప్రకటించింది. ఆ మచ్చ నేర్పేవారికీ అంటుకుంది. మెస్త్రే (అంటే గురువు) బింబా బహియా రాష్ట్రంలోని సాల్వదోర్ రేవులో బరువులు మోశారు, వడ్రంగం చేశారు. 1932లో కపోయెరా బడి తెరిచాక, చదువో పనో ఉన్నట్టు చూపితేనే చేర్చుకునేవారు. ఇంకో పేరుమోసిన కపోయెరా గురువు మెస్త్రే పాస్తిన్యా తండ్రి స్పెయిన్ వ్యాపారి, తల్లి బహియా నల్లజాతి స్త్రీ. చిన్నప్పుడు తనకన్నా పెద్ద కుర్రాడొకడు రోజూ కొడుతుంటే, కిటికీలోంచి చూసిన బెనెదితో అనే ఆఫ్రికా ముసలాయన పిలిచి విద్య నేర్పాడని ఆయనే చెప్పుకున్నారు. అంత పేరు సంపాదించిన మనిషి చివరికి చూపు పోయి, పేదరికంలో 1981లో కన్నుమూశారు.

అపోహ: బ్రెజిల్ నుంచి వచ్చాడంటే గురువే.

వాస్తవం: పాస్‌పోర్టు బెల్టు కాదు. జియు జిత్సు గురువుకు నల్ల బెల్టు ఎవరు కట్టారో, ఆ కట్టినాయనకు ఎవరు కట్టారో అడగండి, నిజమైనవారు గుక్క తిప్పుకోకుండా మయెదా దాకా చెబుతారు. అంతర్జాతీయ బ్రెజిలియన్ జియు జిత్సు సమాఖ్య నిబంధన ప్రకారం 19 ఏళ్లు నిండనిదే నల్ల బెల్టు లేదు. మామూలుగా పదేళ్ల సాధన పడుతుంది. మొన్న ఒకాయన రెండేళ్లలో తెచ్చుకున్నానన్నారు. నేను టీ తాగేసి, నమస్కారం పెట్టి వచ్చేశాను.