బయట మెరిసే నిప్పురవ్వ

మైపాడు దగ్గర మా రొయ్యల చెరువు గట్టున ఒక రేకుల షెడ్డు ఉంది. నాన్నగారి పాత మోటారు సైకిల్ నవంబరు నెలంతా అందులోనే నిలబడిపోయింది. నెల్లూరు తీరానికి ఏటా కురిసే వానలో పెద్ద వాటా అక్టోబరు నుంచి డిసెంబరు లోపు ఈశాన్య రుతుపవనాలతోనే వస్తుంది. ఆ రోజుల్లో సముద్రం మీదుగా వీచే గాలిలో తడితో పాటు ఉప్పు కూడా ఉంటుంది. వాన తెరిపిచ్చిన రోజు బండిని బయటికి తీసి కిక్కు కొట్టాను. ఇరవై సార్లు కొట్టినా ఒక్కసారైనా టప్పుమనలేదు.

ఇలాంటప్పుడు నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గుతో మొదలుపెట్టి చేతికందిన సామానల్లా మార్చుకుంటూ పోవడం చాలామందికి అలవాటు. ఆ పద్ధతి నాకు నచ్చదు. దానివల్ల డబ్బు పోతుంది, పైగా బండి ఎందుకు ఆగిందో చివరికీ తెలియదు. ఇంజిన్ నడవాలంటే పెట్రోలు, గాలి తగిన పాళ్లలో కలవాలి. ఆ మిశ్రమాన్ని పిస్టన్ గట్టిగా అదమాలి. సరైన క్షణంలో నిప్పు పుట్టాలి. వీటిలో ఏది కుదరలేదో ఒక్కొక్కటిగా అడిగి తెలుసుకోవచ్చు.

అదిమే బలాన్ని పరీక్షించడం సులువు. ప్లగ్గు విప్పి, ఇగ్నిషన్ ఆపేసి, ఆ రంధ్రం మీద బొటనవేలు నొక్కిపెట్టి కిక్కు కొట్టిస్తే గాలి వేలిని బలంగా తోసేయాలి. తోపు నీరసంగా ఉంటే రంధ్రంలో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడాలి. ఆయిల్ పిస్టన్ రింగుల చుట్టూ ఉన్న సందులను కాసేపు మూస్తుంది, వాల్వుల దగ్గరి సందులను మూయలేదు. అందువల్ల తోపు పెరిగితే రింగులు అరిగినట్టు, పెరగకపోతే వాల్వు సరిగా కూర్చోనట్టు లెక్క. మా బండిలో తోపు బాగానే ఉంది.

పెట్రోలు సంగతి ప్లగ్గు కొనే చెబుతుంది. పది కిక్కుల తర్వాత విప్పి చూస్తే కొన పొడిగా ఉందంటే పెట్రోలు సిలిండరు దాకా రావడం లేదు. అప్పుడు ట్యాపు, పైపు, పెట్రోలును గాలితో కలిపే కార్బొరేటర్‌లోని జెట్ (పెట్రోలు వచ్చే సన్నని రంధ్రం) వరుసగా చూసుకోవాలి. బండి నిదానంగా నడిచేటప్పుడు పెట్రోలు ఇచ్చే పైలట్ జెట్ రంధ్రం చాలా బండ్లలో అర మిల్లీమీటరు కూడా ఉండదు. నెలల తరబడి నిలవున్న పెట్రోలులో తేలికగా ఆవిరయ్యే భాగం ముందే ఎగిరిపోతుంది, మిగిలినది బంకలా మారి ఆ రంధ్రాన్ని పూడ్చేస్తుంది. ఇథనాల్ కలిసిన పెట్రోలుకు ఇంకో గుణం కూడా ఉంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నీరు ఒక హద్దు దాటితే ఇథనాల్‌ను వెంటబెట్టుకుని విడిపోయి, పెట్రోలు కన్నా బరువు కాబట్టి అడుక్కు దిగుతుంది. కార్బొరేటర్ గిన్నెలోని పెట్రోలును గాజు సీసాలోకి వంపితే అడుగున విడిగా నిలిచిన ఆ పొర కంటికే కనిపిస్తుంది. వానాకాలం దాటిన ప్రతి పాత బండికీ ఈ పరీక్ష చేయాలని నేను గట్టిగా చెబుతాను.

మా సీసాలో పొర లేదు. ప్లగ్గు కొన తడిగా ఉంది. అంటే పెట్రోలు వస్తోంది, మండడం లేదు. ప్లగ్గును తుడిచి, టోపీ తగిలించి, ఇంజిన్ హెడ్‌కు ఆనించి కిక్కు కొడితే నిప్పురవ్వ కనిపించింది. ఇక్కడే నేను సగం రోజు పోగొట్టుకున్నాను. నిప్పు ఉందనుకుని మళ్లీ కార్బొరేటర్ విప్పాను.

సాయంత్రం ఇందుకూరుపేట నుంచి మెకానిక్ పెద్దాయన వచ్చి, ఆ రవ్వను ఒక్కసారి చూసి, "బయట వెలిగితే చాలదు బాబూ, లోపల వెలగాలి" అన్నారు. ఆ మాట వెనక ఉన్న భౌతికశాస్త్ర నియమాన్ని జర్మన్ శాస్త్రవేత్త ఫ్రీడ్రిక్ పాషెన్ 1889లో ప్రకటించాడు. రెండు లోహపు కొనల మధ్య విద్యుత్తు దూకడానికి ఎంత వోల్టేజి కావాలన్నది వాటి మధ్య దూరం మీదే కాక, ఆ వాయువు ఒత్తిడి మీద కూడా ఆధారపడుతుంది. మామూలు గాలిలో ప్లగ్గు సందు దాటడానికి రెండు మూడు వేల వోల్టులు చాలు. సిలిండరులో పిస్టన్ పైకి వచ్చేసరికి వాయువు చిక్కబడుతుంది. ఎలక్ట్రాన్ వేగం పుంజుకునేలోపే ఏదో ఒక అణువుకు తగులుతుంది. ఢీకొన్న అణువు నుంచి మరో ఎలక్ట్రాన్‌ను ఊడగొట్టేంత శక్తి దానికి చేరదు. అందుకే లోపల అదే సందు దాటాలంటే వోల్టేజి కొన్ని రెట్లు పెరగాలి. ప్లగ్గుకు వోల్టేజి పెంచి ఇచ్చే కాయిల్ నీరసంగా ఉంటే బయట మెరిపిస్తుంది, లోపల ఓడిపోతుంది.

పెద్దాయన ప్లగ్గు రంధ్రాన్ని గుడ్డతో మూసి, పెట్రోలు ఆవిరి పోయేదాకా ఆగి, వైరు కొనను హెడ్‌కు ఐదారు మిల్లీమీటర్ల దూరంలో చెక్కపుల్లతో పట్టుకున్నారు. పాయింట్లున్న (కాయిల్‌కు కరెంటును కలిపి విడదీసే చిన్న స్విచ్చు లాంటి లోహపు కొనలున్న) బండి కాబట్టి ఇలా చేశారు, వాటికి బదులు సీడీఐ అనే ఎలక్ట్రానిక్ యూనిట్ ఉన్న బండికి ఈ పరీక్ష పెడితే అది పాడు కావచ్చు. నీలంగా, చిటపటమంటూ దూకాల్సిన రవ్వ రెండు మిల్లీమీటర్లు కూడా దాటలేదు. రంగు కూడా పసుపు కలిసిన ఎరుపు.

పాయింట్ల మూత తీస్తే కారణం దొరికింది. ఒక పాయింటు మీద చిన్న గుంట, ఎదురుగా ఉన్నదాని మీద అంతే చిన్న దిబ్బ. పాయింట్లు మూసుకున్నప్పుడు కాయిల్ మొదటి చుట్టలో కరెంటు పారి అయస్కాంత క్షేత్రం నిలుస్తుంది. విడిపోగానే అది ఎంత వేగంగా కూలితే రెండో చుట్టలో అంత పెద్ద వోల్టేజి పుడుతుంది. 1831లో మైకేల్ ఫారడే కనుగొన్న ప్రేరణ ఇదే. 6 వోల్టుల బ్యాటరీ పది వేల వోల్టులు దాటించగలగడం దీనివల్లే. విడిపోయే క్షణంలో కరెంటు పాయింట్ల మధ్యే దూకిపోకుండా పక్కనున్న కండెన్సర్ దాన్ని తనలోకి తీసుకోవాలి. కండెన్సర్ పాడైతే పాయింట్ల మధ్య మంట లేచి, ఒకవైపు లోహం కరిగి రెండో వైపు పేరుకుంటుంది. క్షేత్రం నింపాదిగా కూలుతుంది, రవ్వ నీరసపడుతుంది.

మర్నాడు నెల్లూరు ట్రంకురోడ్డుకు వెళ్లి కండెన్సర్, పాయింట్లు కొనుక్కొచ్చాను. సందు కొలిచే సన్నని రేకుల ఫీలర్ గేజితో పాయింట్ల సందు 0.4 మిల్లీమీటరుకు సరిచేశాం. రవ్వ ఆరు మిల్లీమీటర్లు నీలంగా దూకింది. నాలుగో కిక్కుకు బండి అందుకుంది.

చీకటి పడ్డాక షెడ్డులో దీపం ఆర్పి, నడుస్తున్న ఇంజిన్ దగ్గర కూర్చున్నాం. ప్లగ్గు టోపీ అంచున సన్నటి నీలి వెలుగు పాకుతోంది. ఉప్పు పట్టిన రబ్బరు మీదుగా ఇంకా కొంత కరెంటు జారిపోతోందన్నమాట. పెద్దాయన ఇంజిన్ ఆపి, టోపీ ఊడదీసి, లోపలి వైపు గుడ్డతో తుడవడం మొదలుపెట్టారు.