ట్యాంక్ క్లీనర్ గెడ్డలోకి ఎలా వచ్చింది

అక్వేరియం షాపుల్లో అమ్మే సక్కర్‌మౌత్ క్యాట్‌ఫిష్, అదే జాలర్ల రాకాసి చేప, వలకు చిక్కిందన్న మాట వినపడగానే విశాఖలో పాత గొడవే మళ్లీ మొదలవుతుంది. అక్వేరియం షాపులు మూయించాలని ఒకరు, రంగు చేపల వ్యాపారానికి చెడ్డపేరు తేవొద్దని ఇంకొకరు. చైనా గోల్డ్‌ఫిష్ దగ్గర్నుంచి 1853లో లండన్ జూలో తెరిచిన ఫిష్ హౌస్ దాకా ఈ సరదా చరిత్ర చాలామందికి తెలిసిందే. బీచ్ రోడ్డులోని మత్స్యదర్శినికి పిల్లల్ని తీసుకెళ్లని ఇల్లు మన ఊళ్లో అరుదు. ఇప్పటి తగువు అర్థం కావడానికి అంత వెనక్కి వెళ్లక్కర్లేదు, 2017 చాలు.

ఆ ఏడాది మే నెలలో కేంద్ర పర్యావరణ శాఖ జంతుహింస నిరోధక చట్టం కింద అక్వేరియం నిబంధనలు ప్రకటించింది. గుండ్రటి గాజు బౌల్లో చేపల్ని ఉంచకూడదు. షాపులు రిజిస్టర్ చేయించుకోవాలి. 158 రకాల చేపల్ని అమ్మడం కుదరదు. ఆ జాబితాలో ఎక్కువ భాగం క్లౌన్‌ఫిష్ లాంటి సముద్రపు చేపలే. వ్యాపారులు, పెంపకందారులు గట్టిగా ఎదురు తిరిగారు. కొన్ని నెలలకే కేంద్రం వాటిని వెనక్కి తీసుకుంది. నా లెక్కలో మలుపు ఇదే. వాదనంతా గాజు లోపల చేప పడే బాధ చుట్టూ తిరిగింది. గాజు దాటి బయటపడ్డ చేప ఎవరి బాధ్యతన్నది ఎవరికీ పట్టలేదు. షాపుల లెక్క తేలే అవకాశం కూడా ఆ నిబంధనలతోపాటే పోయింది.

ఈ రాకాసి చేప దక్షిణ అమెరికా నదులది. షాపులో వేలెడంత ఉంటుంది. నోటితో అద్దానికి అతుక్కుని పాచి తింటుంది కాబట్టి 'ట్యాంక్ క్లీనర్' అని చేతిలో పెడతారు. అడుగు దాటి పెరుగుతుందని చెప్పేవాళ్లు తక్కువ. తొట్టెలో పట్టనంత అయ్యాక చంపడానికి చేతులు రావు. పాపమని దగ్గర్లోని గెడ్డలోనో చెరువులోనో వదిలేస్తారు. జాలితో చేసే పనే.

ఆ జాలి భారం జాలరి మీద పడింది. ఈ చేపకు ఒంటి నిండా ఎముక పలకలు, వీపు మీదా పక్క రెక్కలకూ గట్టి ముళ్లు. వల తగలగానే ముళ్లు నిక్కబొడుచుకుని వల కన్నుకొకటి చొప్పున దిగబడతాయి. లాగినకొద్దీ ఇంకా చిక్కుపడుతుంది. ఒక చేత్తో తల అదిమిపెట్టి, రెండో చేత్తో బ్లేడు పట్టి దారాలు కోస్తే తప్ప ఊడదు. బొచ్చె, శీలావతి పడాల్సిన వలకు పిడికిలంత చిల్లు మిగులుతుంది. చేపనేమో కొనేవాళ్లు లేరు. గట్టు మీద పడేసినా గంటల తరబడి చావదు, కడుపుతో గాలి పీల్చుకుంటుంది. గుడ్లు పెట్టడానికి బొరియలు తవ్వుతుంది కాబట్టి చెరువు గట్లకూ చేటే. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీటిలో డీఎన్‌ఏ జాడలు వెతికి, తూర్పు కనుమల జలవనరుల్లో సుమారు 60 శాతానికి ఇది పాకిందని తేల్చారు.

తిండి కోసం పెంచిన ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ మీద కేంద్రం ఎప్పుడో నిషేధం పెట్టింది. రాకాసి చేప అలంకారం పేరుతో ఇళ్లలోకి వచ్చింది కాబట్టి అంత అనుమానం ఎవరికీ రాలేదు.

వ్యాపారుల మాటలోనూ నిజముంది. 2020లో మొదలైన మత్స్య సంపద యోజన కింద రంగు చేపల పెంపకానికి ప్రభుత్వమే రాయితీ ఇస్తూ వచ్చింది, మహిళలకైతే 60 శాతం దాకా. వదిలింది కొన్నవాళ్లు కదా అంటారు. ఒప్పుకుంటాను. కానీ ఎంత పెరుగుతుందో అమ్మేటప్పుడే చెబితే చాలామంది కొనేవారే కాదు.

నిషేధమే మందంటున్నవాళ్లు కూడా ఒకటి ఆలోచించాలి. తిరిగిచ్చే చోటు చూపకుండా రేపే అమ్మకం ఆపేస్తే, ఇళ్లలో ఉన్నవన్నీ వారం తిరక్కుండా మేఘాద్రిగెడ్డ రిజర్వాయర్‌లోకో ముడసర్లోవ రిజర్వాయర్‌లోకో చేరతాయి. పెరిగిన చేపను షాపు వెనక్కి తీసుకోవాలన్న షరతు ముందు రావాలి. చిరిగిన వల ఖర్చు ఎవరిస్తారో కూడా దాంతోపాటే తేలాలి.