మొటిమల మందుకూ ఉప్పుటేటికీ ఏమిటి సంబంధం?

కావలి నుంచి ఒక పాఠకురాలు అడిగారు: "మా కోడలికి రెండో నెల. మొటిమలకు ఐసోట్రెటినోయిన్ మాత్రలు వాడేది, పిల్లలు కావాలనుకున్నాక డాక్టరు ఆపించారు. ఇప్పుడు ముఖమంతా మళ్లీ మొటిమలు. ఇంట్లో పాత ట్రెటినోయిన్ క్రీమ్ ఉంది. వద్దన్నది మాత్రలే కదా, క్రీమ్ పూసుకోవచ్చా?"

వద్దండి. ఎందుకు వద్దో చెప్పాలంటే మాత్రం పిండానికి తన తల ఎటో, మొండెం ఎటో ఎలా తెలుస్తుందన్న కథలోకి దిగాలి. నాకు అసలు ఇష్టమైన భాగం అదే. హార్మోన్లు పెరిగి చర్మం జిడ్డు దేలడం గురించి ఎవరైనా చెబుతారు, దాన్ని దాటేస్తున్నా.

ట్రెటినోయిన్ అంటే ఏదో కొత్త రసాయనం కాదు. మన ఒంట్లో విటమిన్ ఎ నుంచి తయారయ్యే రెటినోయిక్ ఆమ్లమే అది. మాత్రలోని ఐసోట్రెటినోయిన్ కూడా కణంలోకి వెళ్లాక కొంత ఈ రూపంలోకే మారుతుంది. బడి పుస్తకాల్లో విటమిన్ ఎ ఎదురుగా 'రేచీకటి' అని రాసి, పట్టికలో తర్వాతి గడికి వెళ్లిపోతాం. పిండంలో కణాలకు తామెక్కడున్నాయో చెప్పేది కూడా ఇదేనని పిల్లలకు చెబితే ఎంత బాగుండు!

కృష్ణపట్నం దగ్గర కండలేరు సముద్రంలో కలిసే చోటు చాలామంది చూసే ఉంటారు. సముద్రపు నీళ్లలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు. ఏటి వెంట పైకి పోయేకొద్దీ అది తగ్గుతుంది. ఒడ్డున బోర్డులేమీ ఉండవు. అయినా రొయ్యల గుంటలు చేసే రైతు నీటి చుక్క తీసి సెలినిటీ చూశాడంటే, సముద్రం ఎంత దూరమో, అక్కడ ఏం చేస్తే బతుకుతుందో చెప్పేస్తాడు. కింద మడ చెట్లు, కాస్త పైన రొయ్య, ఇంకా పైన వరి.

పిండంలోనూ ఇంతే. మొండెం వైపు రాల్‌డీహెచ్-2 అనే ఎంజైము రెటినోయిక్ ఆమ్లాన్ని తయారుచేస్తూ ఉంటుంది. అది సముద్రం. తల వైపు సిప్-26 జాతి ఎంజైములు దాన్ని ఎప్పటికప్పుడు విరిచేస్తూ ఉంటాయి. అవి పైనుంచి దిగే మంచినీళ్లు. ఈ రెంటి మధ్య ఆమ్లం గాఢత ఒకవైపు నుంచి ఇంకోవైపుకు మెల్లగా మారుతుంది. ఆమ్లం కణ కేంద్రకంలోని గ్రాహకానికి అతుక్కుంటుంది, మోతాదును బట్టి, ఒంట్లో ఏ భాగం ఎక్కడ రావాలో తేల్చే హాక్స్ జన్యువుల్లో ఫలానావి పనిలోకి దిగుతాయి. "ఉప్పు ఇంతే ఉంది, అంటే నేను మెడ దగ్గరున్నాను" అని కణం తేల్చుకుంటుంది. అప్పటికి పిండం పొడవు కొన్ని మిల్లీమీటర్లే!

ఇప్పుడు ఉప్పెన వచ్చిందనుకోండి. మాత్ర మింగడమంటే అదే. సముద్రం ఎగదన్ని వరి మళ్లలోకి వస్తుంది, మంచినీళ్లు దాన్ని తోయలేవు. మెదడు వెనుక భాగం నుంచి బయల్దేరి ముఖానికి, చెవులకు, థైమస్ గ్రంథికి, గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళాలకు చేరాల్సిన న్యూరల్ క్రెస్ట్ కణాలకు తప్పుడు లెక్క అందుతుంది. కొన్ని దారి తప్పుతాయి, కొన్ని చచ్చిపోతాయి. తర్వాత నీళ్లు తీసినా కుళ్లిన నారు లేవదు. ఈ మాత్ర అమెరికాలో 1982లో మార్కెట్లోకి వచ్చింది. 1985 నాటికే దెబ్బతినే అవయవాల జాబితా తేలిపోయింది: చెవులు, దవడ, గుండె, థైమస్, మెదడు. మొదటి నెలల్లో మందు తగిలిన పిల్లల్లో సుమారు 20 నుంచి 35 శాతం మందికి లోపాలు వస్తాయి.

ఉప్పు బొత్తిగా లేకపోయినా ముప్పే. టెక్సస్‌లో ఫ్రెడ్ హేల్ తల్లి పందికి విటమిన్ ఎ లేని మేత పెడితే, పిల్లలు కనుగుడ్లు లేకుండా పుట్టాయి. ఆ సంగతి ఆయన 1933లో ప్రకటించారు. కాబట్టి మునగాకు, క్యారెట్, మామిడిపండు మానకండి. వాటిలోని బీటా కెరోటిన్‌ను శరీరం కావలసినంతే విటమిన్‌గా మార్చుకుంటుంది. రోజూ మేక లివర్, కాడ్ లివర్ ఆయిల్ మాత్రలు మాత్రం వద్దు.

ఏటికి పోటూ పాటూ రోజూ ఉంటాయి గానీ పిండానికి ఈ కొలతలు ముఖ్యంగా గర్భం నిలిచాక మూడు నుంచి ఐదు వారాల మధ్య. నెల తప్పిందా లేదా అని ఇంట్లో అనుకునే రోజులే అవి. కనుక గర్భం తెలిశాక ఆపితే చాలదు. ఐసోట్రెటినోయిన్ కనీసం నెల ముందే ఆపాలి. మీ కోడలు అలా ఆపి ఉంటే టెన్షన్ అక్కర్లేదు. సోరియాసిస్‌కు ఇచ్చే ఎసిట్రెటిన్ అయితే మూడేళ్ల ముందే ఆపాలి.

ఇక క్రీమ్ లెక్క. 0.025 శాతం క్రీమ్ గ్రాములో ఉండే మందు 0.25 మిల్లీగ్రాములు. చర్మం గుండా రక్తంలోకి చేరేది అందులో ఒకటి రెండు శాతం, అంటే కొన్ని మైక్రోగ్రాములు. మాత్రలో 20 మిల్లీగ్రాములు! ఏట్లో బిందెడు సముద్రపు నీళ్లు పోసినట్టే. అయినా వేరే మందులుండగా ఆ బిందెడు మాత్రం ఎందుకని మొదట్లో వద్దన్నాను. తెలియక పూసుకుని ఉంటే ఏడవాల్సిన పనిలేదు, ఆపేసి డాక్టరుతో చెప్పండి. బదులుగా వాడదగ్గవి ఉన్నాయి: అజెలాయిక్ యాసిడ్, బెంజాయిల్ పెరాక్సైడ్, పైపూతగా క్లిండమైసిన్. డాక్సీసైక్లిన్ మాత్రలు వద్దు, బిడ్డ పళ్లకు రంగు పడుతుంది.

గ్రహణం మొర్రి వస్తుందని కడుపుతో ఉన్న పిల్లను గ్రహణమంతా చీకటి గదిలో కదలకుండా కూర్చోబెడతాం. అదే గదిలో అల్మరాలో మందుల షాపు నుంచి తెచ్చిన 'మంగు క్రీమ్' ట్యూబు ఉంటుంది, దాన్ని ఎవరూ అనుమానించరు. చాలా ట్యూబుల్లో చర్మం రంగు తగ్గించే హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్, స్టెరాయిడ్ మూడూ కలిసి ఉంటాయి. హైడ్రోక్వినోన్ అయితే పూసినదాంట్లో మూడో వంతుకు పైగా ఒంట్లోకి పోతుంది. స్టెరాయిడ్ క్రీములు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం నిబంధన తెచ్చింది. షాపులో అడిగి చూడండి, ఎలా అమలవుతోందో తెలుస్తుంది. మంగుకు గొడుగు, ఐరన్ ఆక్సైడ్ ఉన్న రంగు సన్‌స్క్రీన్ చాలు. మామూలు వెలుతురుకూ మంగు ముదురుతుంది. కాన్పయ్యాక చాలామందికి నెలల్లో అదే తగ్గుతుంది. కుంకుమపువ్వు పాలు బిడ్డ రంగును గానీ మంగును గానీ ఏమీ చేయవు.

అడగకపోయినా ఇంకొకటి చెప్పాలి. చివరి మూడు నెలల్లో పొక్కుల్లేకుండా అరచేతులు, అరికాళ్లు దురద పెట్టి, రాత్రిళ్లు ఎక్కువైతే అది చర్మం జబ్బు కాకపోవచ్చు. కాలేయం నుంచి పైత్యరసం సరిగ్గా దిగక, పిత్త ఆమ్లాలు రక్తంలో పేరుకోవడం కావచ్చు. కాలమిన్ పూసుకుని కూర్చోకుండా వెంటనే బైల్ యాసిడ్స్, లివర్ టెస్టు చేయించాలి. బైల్ యాసిడ్స్ లీటరుకు 100 మైక్రోమోళ్లు దాటితే బిడ్డ కడుపులోనే చనిపోయే ముప్పు పెరుగుతుంది కాబట్టి, డాక్టర్లు 36 వారాల దగ్గరే కాన్పు చేయిస్తారు.