సెన్సార్ కప్పేసిన టోపీ: ఫ్రెంచి సినిమాల్లో నాజీ ఆక్రమణ

రెండో ప్రపంచ యుద్ధంలో నాజీ ఆక్రమణ కాలం మీద సినిమా వస్తే యూనిఫాం బొత్తాలు, కార్ల మోడళ్లు సరిపోయాయా అని చర్చ నడుస్తుంది. ఫ్రాన్స్‌లో మాత్రం పెద్ద గొడవ ఒక టోపీ గురించి జరిగింది.

నాజీ శిబిరాల మీద అలాన్ రెనే తీసిన ‘నైట్ అండ్ ఫాగ్’ (1956) అరగంట డాక్యుమెంటరీ. అందులో ఒక పాత ఫొటో చూపించారు. ఫ్రాన్స్ గడ్డ మీదే ఉన్న నిర్బంధ శిబిరానికి ఒకడు కాపలా కాస్తున్నాడు, తల మీద ఫ్రెంచి పోలీసు టోపీ. సెన్సార్ ఒప్పుకోలేదు. ఆ టోపీని దూలంలాంటి గీతతో కప్పేశాకే సినిమా బయటికొచ్చింది.

ఎందుకంత భయం? యుద్ధం ముగిశాక, దేశమంతా ఒక్కతాటి మీద నిలబడి నాజీలను ఎదిరించిందన్న కథనాన్ని ఫ్రాన్స్ నాయకుడు జనరల్ డి గాల్ నిలబెట్టాడు. సినిమాలూ అదే దారి పట్టాయి. రైల్వే కార్మికుల సాహసంపై 1946లో రెనే క్లెమా సినిమా తీశాడు. ఆ సాహసం నిజమే. కానీ దాదాపు 76 వేల మంది యూదులను మరణ శిబిరాలకు తరలించిన రైళ్లూ ఆ పట్టాల మీదే వెళ్లాయి. 1942 జూలై 16, 17 తేదీల్లో పారిస్‌లో సుమారు 13 వేల మంది యూదులను ఇళ్లకు వెళ్లి పట్టుకొచ్చింది ఫ్రెంచి పోలీసులే. వాళ్లలో 4 వేలకు పైగా పిల్లలు.

ఈ మౌనాన్ని గట్టిగా కదిపింది మార్సెల్ ఒఫూల్స్. క్లెర్మాన్-ఫెరాన్ అనే ఫ్రెంచి ఊరి జనంతో మాట్లాడి నాలుగు గంటల పైచిలుకు డాక్యుమెంటరీ ‘ది సారో అండ్ ది పిటీ’ (1969) తీశాడు. అందులో ఒక దుకాణదారుడి ముఖం మర్చిపోలేం. పేరు యూదుల పేరులా వినిపిస్తుందని, తాను యూదుణ్ని కానని ఆ రోజుల్లో పత్రికలో ప్రకటన వేయించుకున్నాడు. దాని గురించి అడిగితే, బేరాలు పోకుండా చూసుకున్నానన్నట్టు మామూలుగా చెప్పుకుపోతాడు. ఆ కాలాన్ని ఏ సెట్టింగూ ఇంతకంటే నమ్మకంగా చూపించలేదని నా అభిప్రాయం.

ఫ్రాన్స్ ప్రభుత్వ టీవీ దీన్ని 1981 దాకా ప్రసారం చేయలేదు. ఆష్‌విట్జ్ మరణ శిబిరం నుంచి బతికొచ్చిన సిమోన్ వేయి కూడా వ్యతిరేకించారు. ప్రాణాలకు తెగించి యూదులను దాచినవాళ్లకు ఈ సినిమా అన్యాయం చేసిందని ఆమె బాధ. ఆ మాటను తేలిగ్గా కొట్టిపారేయలేం. ఫ్రాన్స్‌లోని యూదుల్లో దాదాపు నాలుగింట మూడొంతుల మంది బతికి బయటపడ్డారు. వాళ్లలో చాలామందికి సాయం అందింది ఇరుగుపొరుగు నుంచే.

1942 పారిస్ అరెస్టుల్లో ఫ్రెంచి రాజ్యం బాధ్యతను అధ్యక్షుడు జాక్ షిరాక్ బహిరంగంగా ఒప్పుకునేసరికి 1995 జూలై వచ్చింది. టోపీని కప్పేసిన అలాన్ రెనే సినిమాకు అప్పటికే 39 ఏళ్లు.