36 సార్లు పాతిపెట్టిన గింజ

అగూటి అనే అడవి జంతువు గురించి ఎక్కడ చదివినా దాదాపు ఒకటే కథ. అది గింజల్ని నేలలో పాతిపెడుతుంది, ఎక్కడ పెట్టిందో మర్చిపోతుంది, ఆ మర్చిపోయిన చోట చెట్టు మొలుస్తుంది, అలా దాని మతిమరుపు పుణ్యమా అని అడవి పెరుగుతుంది. వినడానికి బాగానే ఉంటుంది గానీ నాకెందుకో మొదటినుంచీ మింగుడుపడలేదు. పళ్లు దొరకని నెలల్లో దాచుకున్న గింజల మీదే బతకాల్సిన జంతువుకి నిజంగా అంత మతిమరుపే ఉంటే ఈపాటికి ఆకలితో అంతరించిపోయి ఉండేది కదా! ఈ వ్యవహారంలో మతిమరుపు కంటే దొంగతనం వాటా చాలా ఎక్కువ.

ముందు జంతువు సంగతి చూద్దాం. దక్షిణ మెక్సికో నుంచి ఉత్తర అర్జెంటీనా దాకా ఉన్న అడవుల్లో డజను దాకా అగూటి జాతులున్నాయి. పిల్లి అంత సైజు, రెండు నుంచి నాలుగు కిలోల బరువు, గూనిలా వంగిన వీపు, సన్నటి కాళ్లు, తోక ఉందా లేదా అన్నట్టు చిన్న మొండి. ఎలుకల వర్గానిదే, గినీ పిగ్‌కి, కాపీబారాకి బంధువు. అయితే పరిగెడుతుంటే మాత్రం ఎలుక చుట్టంలా కాకుండా బుల్లి జింకలా కనిపిస్తుంది, ఎందుకంటే వేళ్ల మీద నడుస్తుంది, గోళ్లేమో గిట్టల్లా గట్టిగా ఉంటాయి. బ్రెజిల్‌లో దీన్ని కుటియా అంటారు, కోస్టారికాలో గ్వాటుసా అంటారు. శాస్త్రవేత్తలు పెట్టిన పేరు డాసిప్రాక్టా. గ్రీకులో దీనర్థం, మర్యాదగా చెప్పాలంటే, 'వెనకభాగం నిండా వెంట్రుకలున్నది' అని. బెదిరినప్పుడు నడుం కింది పొడవాటి వెంట్రుకల్ని నిక్కబొడుచుకుని, కుక్కలా మొరిగి, ఒక్క ఉదుటున పారిపోతుంది. దాని ఒక్కో వెంట్రుక మీద ముదురు రంగు, లేత రంగు పట్టీలు ఒకదాని తర్వాత ఒకటి ఉంటాయి. ఎలుకలు, కుక్కలు, గుర్రాల రంగుల గురించి జన్యుశాస్త్రంలో 'అగూటి జీన్' అని చెప్పుకునేది ఈ జంతువు పేరుతోనే.

పగలంతా తిరుగుతుంది, రాత్రి బొరియలోనో బోలు దుంగలోనో దూరుతుంది. చెట్టెక్కడం రాదు, కాబట్టి పైనుంచి ఏం పడుతుందా అని చూడాల్సిందే. కోతుల గుంపు పైన పళ్లు సగం కొరికి సగం పారేస్తూ పోతుంటే కింద అగూటి వాటి వెంటే నడుస్తుంది. పండు నేలమీద దబ్బున పడిన చప్పుడు వింటే చాలు, అటు పరుగు తీస్తుంది.

అన్నిటికంటే పెద్ద చప్పుడు బ్రెజిల్ నట్ కాయది. ఆ చెట్టు 50 మీటర్ల ఎత్తు దాకా పెరుగుతుంది, కాయ చిన్న కొబ్బరికాయంత ఉండి రెండు కిలోల దాకా తూగుతుంది, కాయలు రాలే రోజుల్లో చెట్టు కింద నిలబడటం ప్రాణాలతో చెలగాటమే. లోపల పదీ ఇరవై గింజలు నారింజ తొనల్లా సర్ది ఉంటాయి. చిత్రమేమిటంటే, కాయకి ఒక చిన్న రంధ్రం ఉంటుంది గానీ అది గింజల కంటే సన్నం, ఒక్కటీ బయటికి రాదు. అగూటి వెనక కాళ్ల మీద కూర్చుని, ముంగాళ్లతో కాయని తిప్పుకుంటూ, ఉలిలాంటి పళ్లతో ఆ చెక్కలాంటి పెంకుని కొరుకుతూ పోతుంది. దీన్ని పగలగొట్టగలిగేది ప్రపంచంలో అగూటి ఒక్కటే అని రాసేస్తుంటారు, అది కాస్త అతిశయోక్తి, ఉడతల్లాంటివి కూడా అప్పుడప్పుడు పనికానిస్తాయి. కానీ గింజల్ని మోసుకెళ్లి పాతే పని ప్రధానంగా అగూటిదే. ఇంకో సంగతి, బజారులో దొరికే బ్రెజిల్ నట్స్ దాదాపు అన్నీ అడవిలో ఏరుకొచ్చినవే. 2003లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో బ్రెజిల్, పెరూ, బొలీవియాల్లో 23 చోట్ల ఈ చెట్లని లెక్కపెట్టారు. ఏళ్ల తరబడి కాయలన్నీ ఊడ్చేసిన చోట్ల పెద్ద చెట్లే తప్ప లేత చెట్లు దాదాపు కనబడలేదు.

కడుపు నిండాక మిగిలిన గింజల సంగతి చూడండి. అన్నీ ఒక్కచోట కుప్ప పోస్తే ఎవడైనా ఒక్కసారిగా ఊడ్చుకుపోతాడు. అందుకని ఒక్కో గింజనీ నోట కరుచుకుని ఒక్కో దిక్కుకి తీసుకెళ్తుంది. ముంగాళ్లతో గబగబా చిన్న గుంట తవ్వి, గింజని లోపలికి నొక్కి, మట్టి పూడ్చి, పైన పాదాలతో తట్టి, చివర్లో ఒక ఎండుటాకు లాగి కప్పుతుంది. లోతు కొద్ది సెంటీమీటర్లే. మొలకెత్తడానికి గింజకి కూడా సరిగ్గా అంత లోతే కావాలి.

ఇక దొంగతనం. పనామా కాలువ కోసం చాగ్రెస్ నదికి ఆనకట్ట కడితే చుట్టూ నీళ్లు నిండి, ఒక కొండ ద్వీపంగా మిగిలిపోయింది. దాని పేరు బారో కొలరాడో, అమెరికాకి చెందిన స్మిత్‌సోనియన్ సంస్థ అక్కడ ఏళ్ల తరబడి పరిశోధనలు చేస్తోంది. ప్యాట్రిక్ యాన్సెన్ అనే పరిశోధకుడి బృందం అక్కడ నల్ల తాటి జాతి గింజలకి బుల్లి రేడియో ట్రాన్స్‌మిటర్లు కట్టింది. గింజ కదిలితే తెలిసిపోతుంది, తవ్విందెవరో కెమెరా చెబుతుంది. 2012లో వచ్చిన ఫలితాలు చదివితే నవ్వొస్తుంది. ఒక అగూటి పాతిన గింజని ఇంకో అగూటి తవ్వి ఎత్తుకుపోతుంది, అయితే తినదు, తనూ వేరేచోట పాతుతుంది, దాన్ని మూడోది కాజేస్తుంది. ఒక గింజనైతే పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పినట్టు 36 సార్లు తవ్వి పాతాయి! మొత్తం 749 మీటర్లు తిరిగి, బయల్దేరిన చోటికి 280 మీటర్ల దూరంలో తేలింది. చివరికి 209వ రోజున ఒక అగూటి దాన్ని తినేసింది, పాపం.

కానీ అన్నీ అలా పోలేదు. మూడో వంతుకి పైగా గింజలు వంద మీటర్లు దాటి వెళ్లాయి, దాదాపు 14 శాతం మరుసటి ఏడాదికి బతికి ఉన్నాయని అంచనా. ఇది పాత చిక్కుముడి ఒకదాన్ని విప్పింది. ఇంత పెద్ద గింజల పళ్లని ఒకప్పుడు ఏనుగుల్లాంటి గోంఫోథీర్లు మింగి, దూరంగా పేడలో వదిలేవని 1982లో డేనియల్ జాన్జెన్, పాల్ మార్టిన్ అనే శాస్త్రవేత్తలు వాదించారు. ఆ జంతువులు పోయి పది వేల ఏళ్లు దాటింది. మరి చెట్లెందుకు పోలేదు? ఏనుగు ఒక్క విడతలో చేసే పనిని దొంగలు ముప్పై విడతల్లో చేస్తున్నారన్నది యాన్సెన్ బృందం జవాబు.

గింజల్ని ఏ దిక్కుకైనా మోస్తాయా అంటే, కాదు. అదే జాతి చెట్లు తక్కువగా ఉన్న వైపుకి మోసుకెళ్తాయని ఆ ద్వీపంలోనే తేలింది. చెట్లు తక్కువంటే ఆ గింజల కోసం వెతికే దొంగలూ తక్కువ. అగూటి తన సొత్తు కాపాడుకోవాలని చూస్తుంది, విత్తనానికి మాత్రం పోటీ లేని చోటు దొరుకుతుంది.

మధ్యలో ఓసెలాట్ అనే అడవిపిల్లి టెన్షన్ ఒకటి. అది ఎక్కువగా రాత్రి వేటాడుతుంది కాబట్టి తెల్లవారుజాము, మసకచీకటి వేళలు అగూటికి గండాలు. తిండి పుష్కలంగా ఉన్న చోటి అగూటిలు బాగా తెల్లారాకే బయటికొస్తాయి, తిండి కరువైన చోటివి చీకటితోనే లేచి వెళ్తాయి, సాయంత్రం ఆలస్యంగా తిరిగొస్తాయి. ఆకలి అంతపని చేయిస్తుంది. అందులో ఒకటి ఓసెలాట్ నోట పడిందనుకోండి, ఆ అగూటి దాచిన గుంటలన్నీ యజమాని లేని సొత్తే.

సంసారం సంగతి క్లుప్తంగా చెబుతాను. సాధారణంగా జంటగా ఒక ప్రాంతాన్ని పంచుకుంటాయి, మగది ఆడదాని మీద మూత్రం చిమ్మి ప్రేమ తెలియజేస్తుంది (వాటి పద్ధతి వాటిది). ఒకటో రెండో పిల్లలు, పుట్టేసరికే కళ్లు తెరిచి, ఒంటినిండా బొచ్చుతో ఉంటాయి, గంట తిరక్కుండానే పరిగెత్తగలవు. నాకు బాగా నచ్చింది ఏమిటంటే, తల్లి వాటిని బొరియల దగ్గరికి తీసుకెళ్తుంది గానీ దూరేది పిల్లలే, అదీ తల్లి పట్టనంత ఇరుకు బొరియలోకి. లోపల ఆకులు పరుచుకునేది కూడా అవే. పాలివ్వాలంటే తల్లి బయట నిలబడి పిలవాలి.

మాంసం కోసం వీటిని చాలాచోట్ల బాగా వేటాడతారు. రియో డి జనీరోలోని టిజూకా అడవిలో అయితే పూర్తిగా మాయమైపోయాయి. కాఫీ తోటల కోసం నరికేసిన ఆ కొండల్లో 1861 నుంచి మళ్లీ చెట్లు నాటారు, అడవైతే వచ్చింది గానీ జంతువులు రాలేదు. 2010లో నగరం నడిబొడ్డున ఉన్న కాంపో డి సంటానా పార్కులోని అగూటిల్ని పట్టి అక్కడ వదలడం మొదలుపెట్టారు. ఆ అడవిలో పెద్ద గింజల చెట్టొకటి ఉంది, జనం దాన్ని కుటియా పేరుతోనే కుటియేరా అంటారు. ఇప్పుడు అగూటిలు తిరిగే వైపు దాని గింజలు ఎక్కడెక్కడో మట్టి కింద దొరుకుతున్నాయి, అవి ఇంకా చేరని వైపు చెట్టు కిందే పడి ఉంటున్నాయి.